ఒక్కొక్కరే లోపలికి

బీపీ పట్టీ చుట్టడానికి ఆ అమ్మాయి కుడిచెయ్యి చాపింది. పార్లర్ అక్క ఆమె వదులు చొక్కా చేతిని మడతలు పెడుతూ భుజం దాకా జరిపింది. మోచేతికి కాస్త పైన నాలుగు మచ్చలు వరసగా ఉన్నాయి. చెయ్యి కొద్దిగా తిప్పితే వెనకవైపు ఐదోది కనిపించింది. అది బొటనవేలిది.

పార్లర్ అక్క చూపు వాటి రంగు మీద ఆగింది. పన్నెండేళ్ళుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్న మనిషి. దెబ్బ మొదటి రోజు ఎర్రగా ఉంటుందనీ, రెండో రోజుకి నీలమవుతుందనీ, నాలుగైదు రోజులకి అంచులు పచ్చబడి వారం తిరిగేసరికి పసుపులోకి దిగుతుందనీ ఆమెకి ఏ డాక్టరూ చెప్పలేదు. నీలం మీద నారింజ రంగు క్రీము, పచ్చ మీద ఎర్రది పూసి, పైన పౌడరు అద్దితే ఫోటోలో కనపడదని ఆమె చేతులే నేర్చుకున్నాయి. ఈ మచ్చలు నీలంగా ఉన్నాయి. రెండు రోజులవి.

"ఇదేంటి తల్లీ?" అని నోరు జారింది.

అమ్మాయి తల ఎత్తలేదు. పక్కనే నిలబడ్డ ఆమె అత్తగారు అందుకుంది. "పడవ ఎక్కించేటప్పుడు ఎవరో గట్టిగా పట్టుకున్నారు."

ఏరు కట్ట తెంచుకుని ఊళ్ళోకి వచ్చి, జనాన్నంతా పడవల్లో ఈ కాలేజీకి చేర్చి వారమైంది. పార్లర్ అక్క ఆ లెక్క పైకి అనలేదు. చొక్కా చెయ్యి కొంచెం కిందికి లాగి, మచ్చల మీదుగా పట్టీ చుట్టింది.

"ఎన్నో నెల?" అంది నర్సమ్మ, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంటూ.

"ఎనిమిది," అంది అత్తగారు.

"బిడ్డ కదులుతోందా?"

"కదులుతోంది."

"తలనొప్పి, కళ్ళు తిరగడం?"

"అబ్బే, ఏమీ లేవు."

నర్సమ్మ స్టెతస్కోపు తీసి పక్కన పెట్టింది. "నీ కోడలికి మాటలు రావా?"

"వస్తాయి. నేనున్నానుగా." ఆ ముసలావిడ నవ్వలేదు. సన్నగా, పొడుగ్గా, గోడకి ఆనించిన నిచ్చెనలా నిలబడి ఉంది. ఎడమచెయ్యి పొట్టకి అదిమి పెట్టుకుంది. ఆమె కళ్ళు నర్సమ్మ మీద లేవు, కోడలి మీదా లేవు. కిటికీ మీద ఉన్నాయి.

"బీపీ కొంచెం ఎక్కువగా ఉంది. ఉప్పు తగ్గించు. రేపు మళ్ళీ రా," అంది నర్సమ్మ. అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుని లేపి తీసుకుపోయింది.

అది కాలేజీలో సైన్సు గది. బల్లబల్లకీ కొళాయి ఉందని నర్సమ్మ పట్టుబట్టి తీసుకుంది. రెండు రాతి బల్లలు కలిపి పైన పరుపు వేస్తే పరీక్ష చేసే మంచం తయారైంది. పార్లర్ అక్క అక్కడ చేరి నాలుగు రోజులు. "ఖాళీగా కూర్చుంటే మునిగిపోయిన షాపే కళ్ళ ముందు కనపడుతోంది సిస్టర్, ఏదో ఒక పని చెప్పండి" అని వచ్చింది. నర్సమ్మ ఆమె చేతులు తిప్పి చూసి, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయని తీసుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె నర్సమ్మకి మచ్చల సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు తగ్గుతూనే వచ్చింది.

"ఎవరి భార్య?"

"ట్యాంకర్ డ్రైవర్ భార్యట."

నర్సమ్మ నమలడం ఆపింది. రోడ్డు తెగిపోయాక మంచినీళ్ళ ట్యాంకర్‌ని మోకాలి లోతు నీళ్ళలోంచి నడిపి తెస్తున్నది అతనొక్కడే. రోజుకి మూడు ట్రిప్పులు. హారన్ వినపడితే పిల్లలు పరిగెత్తుతారు. శిబిరం ఆఫీసరు అతని భుజం తట్టి పదిమందిలో పొగిడాడు కూడా.

"దానికి వేరే బల్ల ఉందిగా. అక్కడికి పంపు," అంది నర్సమ్మ చివరికి.

ఆ బల్ల వరండాలో ఉంది. వెనకాల గోడకి 'హింసకు గురైన మహిళల సహాయ కేంద్రం' అని గజం పొడుగు బోర్డు. ముందు ఒక కుర్చీ. కౌన్సిలర్ అమ్మాయి పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ కుర్చీకి ఎదురుగా కూర్చుంటుంది. ఆమె ఫారాల వెనక పిల్లలు బొమ్మలు వేసుకుంటారు. మొన్న ఒకావిడ ధైర్యం చేసి వచ్చి కూర్చుంది. ఆమె లేచి తన గదికి చేరేలోపు కబురు ఆమె మొగుడికి చేరింది. ఆ సాయంత్రం ఆమె చెంప వాచిపోయి కనపడింది. ఆ తర్వాత ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. బలవంతం జరిగితే మూడు రోజుల్లోపు వేసుకోవలసిన మాత్రలు నర్సమ్మ అల్మారాలో ఉన్నాయి. ఎవరికి అవసరమో తెలుసుకోవలసిన పిల్ల వరండాలో ఉంది. ఈ రెంటికీ మధ్య అరవై అడుగుల దూరం, ఊరందరి కళ్ళూ ఉన్నాయి.

"సిస్టర్, ఒక మాటంటాను, కోప్పడకండి," అంది పార్లర్ అక్క. "నా షాపు మీద 'మొటిమలు పోగొడతాం, మీసాలు తీస్తాం' అని బోర్డు పెడితే ఒక్కతీ లోపలికి రాదు. బ్యూటీ పార్లర్ అని పెడతాం. లోపలికొచ్చాక ఎవరి గొడవ వాళ్ళది."

నర్సమ్మ చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టింది. "అయితే ఆ కౌన్సిలర్ పిల్లని ఇక్కడే కూర్చోబెడదామంటావు."

"బరువు చూసే మిషను దగ్గర. అందరూ ఆ మిషను ఎక్కాల్సిందేగా."

"ఆఫీసరు నన్ను తిడతాడు. రెండూ వేరువేరు లెక్కలట, వేరువేరు రిపోర్టులట." చెయ్యి కడుక్కుని వచ్చి నర్సమ్మ మళ్ళీ అంది, "తిట్టనీ. దుప్పటి ఒకటి పట్టుకురా, గుమ్మానికి అడ్డం కడదాం. ఇకనించి ఒక్కొక్కరే లోపలికి. తోడొచ్చినవాళ్ళు ఎవరైనా సరే బయటే."

*

మర్నాడు పొద్దున కౌన్సిలర్ అమ్మాయి ఫారాలు సంచీలో పెట్టుకుని, తెల్లకోటు తొడుక్కుని మిషను పక్కన కూర్చుంది. కోటు నర్సమ్మది కావడంతో చేతులు వేళ్ళ దాకా దిగాయి. బోర్డు పీకి వరండాలో గోడవైపు తిప్పి పెట్టారు.

గర్భిణులు వచ్చారు, చంటిపిల్లల తల్లులు వచ్చారు, నెలసరి గుడ్డల కోసం వచ్చారు, మాత్రలు అయిపోయాయని వచ్చారు. ప్రతివాళ్ళనీ బరువు చూసి, బీపీ చూసి, ఒకే రకం సంచీ చేతికిచ్చి పంపారు. దుప్పటి వెనక కౌన్సిలర్ అందరినీ అవే నాలుగు ప్రశ్నలు మెల్లగా అడిగింది. మధ్యాహ్నమయ్యేసరికి ముగ్గురు నోరు విప్పారు. ఒకామె చెబుతుంటే బయటివాళ్ళు వినకూడదని పార్లర్ అక్క గబగబా కొళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఆమె ఏడుపు బయటికి వినపడలేదు. నర్సమ్మ అల్మారా తీసి ఆ మాత్రల పెట్టె మొదటిసారి విప్పింది.

ట్యాంకర్ డ్రైవర్ భార్య తొమ్మిదిన్నరకే వచ్చింది. అత్తగారు వెనకే ఉంది.

"మీరు బయట కూర్చోండమ్మా," అంది పార్లర్ అక్క.

"నేను లేకుండా అది రాదు."

"అందరికీ ఇదే పద్ధతి. ఐదు నిమిషాలే."

ముసలావిడ కోడలి చెయ్యి వదల్లేదు. గది లోపలికి, కిటికీ దాకా చూపు పోనిచ్చింది. అవతల చెట్టు కింద ట్యాంకర్ ఆగి ఉంది. డ్రైవర్ బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. ముసలావిడ కోడలిని వెనక్కి తిప్పి, "పద" అంది. అమ్మాయి వెంట నడిచింది. పాదాలు వాచిపోయి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడి ఉన్నాయి.

"రాక్షసి," అంది కౌన్సిలర్ పళ్ళ బిగువున. పార్లర్ అక్కకీ అదే అనిపించింది.

నాలుగింటికి ఆమె బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళింది. పైపు పట్టుకున్నది డ్రైవరే. ముప్పై దాటని మనిషి, నున్నగా గీసుకున్న గడ్డం, తడిసిన ప్యాంటు. నిండిన బిందె తనే ఎత్తాడు.

"ఉండక్కా, మెట్ల దాకా నేను తెస్తాను."

వద్దన్నా వెంట వచ్చాడు. నడుస్తూ, "గదిలోకి ఒక్కరే రావాలంటున్నారట కదా ఇవాళ్టినించి?" అన్నాడు.

"అందరికీ అంతే తమ్ముడూ."

"మంచిదే. లోపల ఏమడుగుతారేంటి?"

"బరువు చూస్తాం. బీపీ చూస్తాం."

"అంతేనా?"

"అంతే."

అతను నవ్వాడు. చక్కటి పలువరస. "మా ఆవిడ అమాయకురాలక్కా. ఎవరేమడిగినా తలాడిస్తుంది. దాని మాట పట్టుకోకండి." మెట్ల దగ్గర ఆగాడు. "బావ కట్ట మీద ఇసక మూటలు వేస్తున్నాడు కదా. పొద్దున చూశాను, మోకాలు పట్టేసినట్టుంది, కుంటుతున్నాడు. అక్కడ బాగా జారుడక్కా. కింద సుడి ఉంది. జాగ్రత్తగా ఉండమనండి."

బిందె కింద పెట్టాడు. ఒక్క చుక్క తొణకలేదు.

ఆమె ఆ బిందె ఎత్తుకోలేక మెట్టు మీద కూర్చుండిపోయింది.  కింద సుడి ఉంది. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడు. దాన్ని ఎవరికైనా చెబితే, 'మంచి మాటేగా చెప్పాడు' అంటారు.

సాయంత్రం ఆమె భర్త మట్టి కాళ్ళతో వచ్చాడు. ఊళ్ళో ఆయనది జిరాక్స్ షాపు. కాగితం కంటే బరువైంది మోసి ఎరగడు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన మోకాలు రుద్దుకుంటూ విన్నాడు.

"మనకెందుకే ఇవన్నీ? నీకు తెలిసింది కనుబొమ్మలు తీర్చడం. నాకు తెలిసింది కాగితం పెట్టి మీట నొక్కడం. పోలీసులున్నారు, ఆఫీసర్లున్నారు."

"మీరు రేపు కట్ట మీదికి వెళ్ళకండి."

"నేను వెళ్ళకపోతే ఎందుకు రాలేదంటారు. నువ్వు ఆ గదికి వెళ్ళకపోతే ఎవరూ అడగరు."

అది నిజమే. జీతం లేని పని. రేపు పొద్దున నర్సమ్మతో ఒంట్లో బాగాలేదని చెప్పేస్తే సరిపోతుంది. నిర్ణయం చేసుకున్నాక భయం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. ఆయన పక్కగదికి వెళ్ళి రావడం రెండు నిమిషాలు ఆలస్యమైతే లేచి కూర్చుంది.

*

పొద్దున్నే వంటశాల వెనక కొళాయి దగ్గర ముఖం కడుక్కుని, నర్సమ్మకి చెప్పవలసిన మాట మనసులో కూర్చుకుంటోంది. వెనకనించి నీడ పడింది. తిరిగి చూస్తే ట్యాంకర్ డ్రైవర్ తల్లి. ఒక్కతే ఉంది. చేతిలో దువ్వెన.

పార్లర్ అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. కొడుకు చెప్పి పంపాడనుకుంది.

"తల తడిసింది," అంది ముసలావిడ. "కాస్త ముడి వేసిపెడతావా? ఈ చెయ్యి పైకి లేవడం లేదు."

 ముసలావిడ బట్టలుతికే రాయి మీద ఆమెకి వీపు పెట్టి కూర్చుంది. వంటవాళ్ళు గిన్నెలు తోముతున్నారు. ఆ చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంది. పార్లర్ అక్క నెరిసిన జుట్టుని పాయలు తీసి చివరినించి చిక్కు విప్పడం మొదలుపెట్టింది.

"నిన్న నా మీద కోపం వచ్చిందా?"

"లేదమ్మా."

"వచ్చే ఉంటుంది. రావాలి కూడా." గిన్నెలు తోమేవాళ్ళ వైపు ఒకసారి చూసింది. "అది నోరు విప్పితే ఏడుస్తుంది. ఏడ్చిందని వాడికి తెలిస్తే, ఎవరితో ఏం చెప్పావని తర్వాత దాని పని పడతాడు. అందుకే అన్నిటికీ నేనే చెబుతా. నిన్న కిటికీలోంచి చూస్తున్నాడు, నువ్వు గమనించలేదు."

దువ్వెన ఆగింది.

"దువ్వు, దువ్వు. ఆపితే ఎవరైనా చూస్తారు." ముసలావిడ గొంతు ఎండు ఆకులా ఉంది. "గదిలో నలభై మందిమి పడుకుంటాం. అందరి మధ్యా చెయ్యెత్తడు. మాట్లాడాలి రమ్మని ట్యాంకర్ వెనక్కి పిలుస్తాడు. అందుకే నేను దాన్ని వదలను. స్నానానికి పోయినా వెంటబెట్టుకుపోతా. ఈ వారంలో ఒక్కసారి నా కళ్ళు కప్పి పిలిచాడు. ఆ మచ్చలే నువ్వు చూసింది."

"మరి ఈ చెయ్యి?"

"ఇది పాతది. ఇంట్లోది. అడ్డం వెళ్ళాను."

పార్లర్ అక్క జుట్టంతా ఒక గుప్పిట్లోకి తీసుకుంది. 

"నేను కన్న కొడుకమ్మా. ఊరంతా వాడు తెచ్చిన నీళ్ళు తాగుతోంది. ఎవరికని చెప్పను? నిన్న మీ గదిలోంచి ఆడవాళ్ళు బయటికొస్తుంటే చూశాను. అందరి చేతుల్లోనూ ఒకటే సంచీ. ఎవరు దేనికెళ్ళారో చూసినవాడికి అంతుపట్టదు. అది చూసి వచ్చాను." తల తిప్పబోయి ఆపుకుంది. "కాన్పు కష్టమయ్యేవాళ్ళని పదకొండింటి పడవలో అవతలి ఒడ్డుకి, ఆసుపత్రికి పంపుతున్నారట. దానికొక కాగితం రాయించు. వాడు పదింటికి ట్రిప్పుకి పోతే రెండింటికి గానీ రాడు."

"మీరూ వెళ్ళండి తనతో."

"ఇద్దరం కనపడకపోతే పదిమందీ పదకొండున్నరకే వాడికి ఫోన్ చేసి చెబుతారు. నేను ఇక్కడిక్కడే తిరుగుతుంటే అదీ ఉందనుకుంటారు."

పార్లర్ అక్క ముడి వేసింది. ఒంట్లో బాగాలేదని నర్సమ్మకి చెప్పాలనుకున్న మాట వదిలేసింది. భయం ఏమీ తగ్గలేదు.  ఆ భయంతోనే సైన్సు గది మెట్లెక్కింది.

నర్సమ్మ అంతా విని, "అబద్ధం రాయను," అంది. "ముప్పై ఏళ్ళలో రాయలేదు. ముందు పిల్లని తీసుకురా, చూస్తాను."

పదింటికి హారన్ మోగింది. ట్యాంకర్ గేటు దాటి, మలుపు తిరిగి, చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఎవరూ కదల్లేదు. పది నిమిషాల తర్వాత అమ్మాయి వచ్చింది. అత్తగారు వరండాలో ఆగిపోయింది.

పట్టీ బిగించి నర్సమ్మ ఒకసారి చూసింది, ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చూసింది. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసింది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

"కళ్ళ ముందు మెరుపుల్లాంటివి కనపడుతున్నాయా?"

అమ్మాయి తలూపింది.

"ఎన్నాళ్ళనించి?"

మూడు వేళ్ళు చూపించింది.

"అబద్ధం రాయక్కర్లేదు," అంది నర్సమ్మ, పెన్ను కోసం తడుముకుంటూ.  "ఇది ఈ పూటే వెళ్ళాలి. ఇంకో రోజు ఆగితే తల్లికీ బిడ్డకీ ప్రమాదం."

కౌన్సిలర్ అమ్మాయి కోటు చేతులు పైకి మడిచి ముందుకొచ్చింది. "అత్తగారు చెప్పారనీ, మేం చెప్పామనీ కాదు. మీరే చెప్పాలి. ఆసుపత్రికి వెళ్ళడం మాత్రం ప్రాణం కోసం. ఆ తర్వాత ఎక్కడుండాలన్నది మీ ఇష్టం. అక్కడ కాన్పూ చూస్తారు, దెబ్బలూ రాసుకుంటారు, ఉండటానికి గది కూడా ఉంది. అన్నీ ఒక్క చోటే. మీరు ఒప్పుకుంటేనే పోలీసులకి చెబుతారు. ఎక్కడున్నారో ఎవరికీ చెప్పరు."

అమ్మాయి అత్తగారు ఆగిపోయిన వరండా వైపు తిరిగింది. పార్లర్ అక్క గోడ గడియారం వైపు చూడకుండా ఉండలేకపోయింది. పదీ ముప్పై ఐదు.

"అత్తయ్యకి చెయ్యి లేవదు," అంది ఆ అమ్మాయి. అదే ఆమె గొంతు వాళ్ళు మొదటిసారి వినడం. చిన్నపిల్ల గొంతు. "తల ఎవరు దువ్వుతారు?"

"నేను దువ్వుతాను," అంది పార్లర్ అక్క.

"అయితే వెళ్తాను."

వంటశాల వెనక దారిన తీసుకెళ్ళారు. రేవు రెండొందల అడుగులు కూడా లేదు. ఆ అమ్మాయి అడుగు తీసి అడుగు వెయ్యడానికి యుగం పట్టింది. పార్లర్ అక్క ఆమె బరువంతా తన భుజం మీద మోస్తూ, చెవులు మాత్రం వెనక రోడ్డు మీద పెట్టింది. ఎక్కడ ఇంజను మోగినా అడుగు తడబడింది. పడవవాడు తాడు లాగాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. మళ్ళీ లాగాడు. ఊరుకుంది. అమ్మాయి ఆమె చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది. మూడోసారికి అంటుకుంది. నీళ్ళ మీద పొగ జడపాయలా సాగింది. పడవ దూరమై, అందులో ఉన్నవాళ్ళలో ఎవరు ఎవరో గుర్తుపట్టలేనంత చిన్నదయ్యేదాకా ఆమె అక్కడే నిలబడింది.

*

రెండుంబావుకి హారన్ వినపడింది.

పార్లర్ అక్క దుప్పటి పక్కన టోకెన్లు పట్టుకుని నిలబడి ఉంది. వరండాలో పాతిక మంది ఆడవాళ్ళు వరసలో కూర్చున్నారు. అతను ముందు నీళ్ళు పట్టాడు. ఎవరితోనో హాస్యమాడాడు. ఆ నవ్వు ఇక్కడికి వినపడింది. తర్వాత వాళ్ళు పడుకునే గది వైపు వెళ్ళాడు. తర్వాత ఇటు వచ్చాడు. తడి చెప్పులు వరండా పొడుగునా టపటపమన్నాయి.

"అక్కా, మా ఆవిడేది?"

ఆమె దుప్పటి వైపు చూసింది. లోపలినించి నర్సమ్మ పలికింది. "బీపీ పెరిగింది. పడవలో అవతలికి పంపాను."

"నన్నడక్కుండానా?"

"బీపీ నిన్నడిగి పెరగలేదు బాబూ."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. అతని ముఖం మారలేదు. "ఏ ఆసుపత్రి?"

"అవతల మూడున్నాయి. ఎక్కడ మంచం ఖాళీ ఉంటే అక్కడ చేర్చుకుంటారు."

అతను పార్లర్ అక్క వైపు తిరిగాడు. బాగా దగ్గరికి వచ్చాడు. అతని చొక్కా డీజిలు వాసన వేస్తోంది. ఆమెకి మాత్రమే వినపడేలా, "నిన్న నేను మీతో ఎంత మర్యాదగా మాట్లాడానక్కా," అన్నాడు.

ఆమె కళ్ళ ముందు కట్ట కనపడింది, కట్ట మీద కుంటుతున్న మనిషి కనపడ్డాడు. 

"జరుగు," అంది వెనకనించి గొంతు. అతని తల్లి. చేతిలో టోకెను ఉంది. ఎప్పుడు తీసుకుందో, ఎంతసేపటినించి ఆ వరసలో కూర్చుందో ఎవరూ గమనించలేదు. "నా వంతు."

"నీకేం రోగం?" అన్నాడు అతను.

ఆమె కొడుకుని దాటుకుని దుప్పటి ఎత్తి లోపలికి వెళ్ళింది. అతనూ అడుగు వేశాడు.

పార్లర్ అక్క ఆ సందులోకి జరిగింది. ఎలా జరిగిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి గుర్తు రాలేదు. "లోపలికి ఒక్కరే తమ్ముడూ," అంది. గొంతు చీలిపోయి సగం గాలే వచ్చింది. అయినా మాట బయటికొచ్చింది. తను లోపలివైపు ఉండి దుప్పటి లాగి రెండు చేతులతోనూ గోడకి అదిమి పట్టుకుంది. దాని కింద జానెడు ఖాళీలోంచి అతని చెప్పులు కనపడుతున్నాయి.

లోపల నర్సమ్మ ముసలావిడ ఎడమచేతిని మెల్లగా ఎత్తబోయింది. భుజం దగ్గరే ఆగిపోయింది. "ఇది సరిగా అతుక్కోలేదు. ఏమైంది?"

ముసలావిడ కూర్చున్నచోట సర్దుకుంది. "విరిగింది."

"ఎలా విరిగింది?"

ముసలావిడ దుప్పటి కింది చెప్పుల వైపు చూసింది. కౌన్సిలర్ దగ్గరికి జరిగి, ఆమె చెవి దగ్గర, "మెల్లగా చెప్పండమ్మా, పర్లేదు. బయటికి వినపడకుండా నేను రాసుకుంటాను," అంది.

"విననివ్వమ్మా," అంది ముసలావిడ.

ఆ గొంతు మామూలు గొంతు కాదు. వీధి అవతల ఉన్నవాళ్ళని పిలిచేటప్పుడు వాడే గొంతు.

"మా వాడు విరిచాడు. కడుపుతో ఉన్నదాన్ని కొట్టబోతే అడ్డం వెళ్ళాను. విరిచాడు. పోయిన నెల. దాన్ని పెళ్ళయిన దగ్గర్నించీ కొడుతున్నాడు. నాలుగు గోడల్లో ఉంటుందిలే అని నేనే కప్పుకొచ్చాను. రాసుకో. నా పేరు రాసుకో, వాడి పేరు రాసుకో."

కొళాయి తిప్పాలని ఎవరికీ తోచలేదు. వరండాలో పాతిక మందీ విన్నారు. ఒక చంటిపిల్ల ఏడుపు మొదలుపెట్టి, పాలు నోటికందాక ఆపేసింది. దుప్పటి కింద చెప్పులు అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఈ గుడ్డ పీకేస్తాడు అనుకుంది పార్లర్ అక్క. దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. లెక్కపెట్టలేదు గానీ చాలాసేపే అయి ఉంటుంది. కళ్ళు తెరిచేసరికి అక్కడ రెండు తడి మరకలు మాత్రం ఉన్నాయి.

*

ఆఫీసరు మొదట, "ఇప్పుడా ఇవన్నీ? నీళ్ళెవరు తెస్తారు?" అన్నాడు. నర్సమ్మ తన కాగితమూ కౌన్సిలర్ కాగితమూ కలిపి కుట్టి అతని బల్ల మీద పెట్టి, సంతకం పెట్టేదాకా ఎదురుగా నిలబడింది. సాయంత్రానికి ట్యాంకర్ తాళాలు తీసుకున్నారు. పోలీసులు వచ్చేసరికి డ్రైవర్ శిబిరంలో లేడు. ఎటు పోయాడో ఎవరూ చూడలేదన్నారు. కొందరు చూసి కూడా అలాగే అన్నారు.

మర్నాడు పార్లర్ అక్క ముసలావిడకి తల దువ్వి ముడి వేసి పదకొండింటి పడవ ఎక్కించింది. కోడలికి బీపీ దిగుతోందనీ, ఇంకో వారం మంచం మీదే ఉంచుతారనీ ఫోన్ వచ్చింది.

ఆ రోజు పొద్దున్నించీ నీళ్ళు రాలేదు. సాయంత్రం దాకా ఖాళీ బిందెలు ఎండలో వరస పెట్టి ఉన్నాయి. "ఒక ఇల్లు చక్కబెట్టబోయి మన గొంతులు ఎండబెట్టారు," అని ఎవరో గట్టిగానే అన్నారు. ఎవరిని అన్నదో అందరికీ తెలుసు. ఆమె తల వంచుకుని బిందె పట్టుకుని నిలబడింది. పక్కన ఆమె భర్త చేతికొక బక్కెట్టుతో ఉన్నాడు. ఆ రోజంతా ఆయన కట్ట మీదికి వెళ్ళలేదు, ఆమెని వదిలి పది అడుగులు పోలేదు.

"ఏమమ్మా, ఆ ఇంట్లో నీ కూతురుంటే కూడా బిందే చూసుకుంటావా?" అన్నాడు ఆయన ఆ గొంతు వచ్చిన వైపు చూస్తూ. ఆయన అంత పెద్దగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. వెంటనే తనే భయపడి మోకాలు రుద్దుకున్నాడు.

పొద్దువాలుతుండగా హారన్ మోగింది. జనం లేచారు. పిల్లలు పరిగెత్తారు. ఆమె ఉన్నచోటే ఆగిపోయింది. ట్యాంకర్ మలుపు తిరిగి, బురద చిమ్ముకుంటూ గేట్లోకి వచ్చి ఆగింది. ఆమె డ్రైవర్ సీటు వైపు చూసింది. అద్దం మీద ఎండ పడి ముఖం కనపడలేదు. తలుపు తెరుచుకుని మనిషి దిగేదాకా ఊపిరి బిగబట్టింది.

వేరే మనిషి. పొట్టిగా, నడివయసువాడు. దారి తప్పి నాలుగు ఊళ్ళు తిరిగొచ్చానని అందరికీ చెప్పుకుంటూ పైపు విప్పుతున్నాడు.

అప్పుడు ఆమె బిందె కడిగి, వరసలోకి నడిచింది.